బొమ్మ రాని ప్రాసెసర్... నస్రీన్ కార్డు

మా చిన్నప్పుడు... ఆదిలాబాద్ బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపులో, గాజు బల్ల మీద రెండు ప్రాసెసర్ డబ్బాలు పెట్టి షాపాయన మా బాపు ముఖం చూస్తున్నాడు. బాపు నా ముఖం చూస్తున్నాడు. నేను నస్రీన్ ముఖం చూస్తున్నాను. అప్పుడు మేమిద్దరం ఎనిమిదో తరగతి.

నస్రీన్ వాళ్లది మా పక్కిల్లే. వాళ్ల నాన్నను నేను చాచా అనేదాన్ని, మా బాపును తను కాకా అనేది. చాచాది పత్తి వ్యాపారం, బాపు జిన్నింగు మిల్లులో గుమాస్తా. కంప్యూటర్ చదువు కోసమే అని ఇంట్లో చెప్పాం. మా లెక్కలో చదువంటే కార్ల రేసు... ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడేది.

"చూడుర్రి సార్... గిది తీస్కుంటే బొమ్మ దీంట్లనే వస్తది, కార్డుతోని పని లేదు. గని ఆటలు ఆగుకుంట ఆగుకుంట నడుస్తయి" అన్నాడు షాపాయన. "గా రెండోదాంట్ల జోరున్నది, రేటు గూడ గంతే. కాకపోతే దాంట్ల బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు పెడ్తెనే తెర ఎలుగుతది."

"మరి కార్డు ఖరాబైతే?" అన్నాడు బాపు.

"తెర నల్లగైతది సార్. లోపట అంతా మంచిగనే నడుస్తది. మీకు కనవడదు, గంతే."

బాపుకి మొదటిదే నచ్చింది. ఇంకోదాని మీద ఆధారపడే వస్తువంటే ఆయనకి మొదటినుంచీ గిట్టదు. పైగా కార్డుకి పైసలు లేవని తేల్చి చెప్పేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు నస్రీన్ నోరు విప్పింది. "కార్డు నేను తెస్త కాకా. నా ఈదీ పైసలున్నయి. తక్కువ పడ్తె అబ్బా కలుపుతడు." రంజాన్‌కి పెద్దలు చేతిలో పెట్టే ఈదీని ఆ పిల్ల ఏళ్లుగా పౌడరు డబ్బాలో దాచింది. బాపు ఇంకా నసుగుతుంటే, "పక్కింట్లనే ఉంటిమి, ఏడికి పోతం కాకా?" అంది.

ఆ మాటకి బాపు ఒప్పుకున్నాడు. జోరున్న ప్రాసెసర్... అంటే బొమ్మ రానిది... తీసుకున్నాం.

కార్డు కోసం మర్నాడు చాచా వచ్చాడు. షాపాయన రెండు కార్డులు తీసి, ఒకదానికి మెమరీ ఎక్కువ, ఇంకోదానికి మెమరీ తక్కువైనా వేగం ఎక్కువ అని మొదలుపెట్టాడు. చాచా వింటేగా! చెరో చేతిలో ఒక కార్డు పట్టుకుని, కళ్లు మూసుకుని, పత్తి తూచినట్టు తూచాడు. "గిది బరువున్నది. గిదే ఇయ్యి." తమాషా ఏంటంటే, మంచిది అదేనట. షాపాయన చెప్పడం ఆపేసి బిల్లు రాశాడు.

కంప్యూటర్ మా ముందు గదిలో కూర్చుంది. ఒకటే కీబోర్డు. కుడివైపు బాణం గుర్తులు నస్రీన్‌వి, ఎడమవైపు అక్షరాలు నావి. బడి నుంచి వచ్చామంటే ఇద్దరం దాని ముందే. "గా డబ్బ మింగుతది మిమ్ముల" అని తిడుతూనే మా అవ్వ మా మధ్య ఉడకబెట్టిన గుడాల గిన్నె పెట్టేది. పత్తి సీజన్లో కార్డు ఫ్యాన్ నిండా నూగే... పాత పెయింటు బ్రష్షుతో నస్రీనే దులిపేది. తన కార్డని నన్ను ముట్టనిచ్చేది కాదు, పిసినారి!

ఆ తర్వాతి ఎండాకాలం చాచా వ్యాపారం నాగపూర్‌కి మారింది. వాళ్ల ఇంటి ముందు డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. సామాన్లు ఎక్కుతున్నాయి.

"బిడ్డా, కార్డు ఇప్పు. ఎవలది వాళ్లకియ్యాలె" అన్నాడు బాపు.

"ఉండనియ్యి భాయ్" అన్నాడు చాచా. "మా దగ్గర పెట్టనీకి డబ్బనే లేదు. ఇప్పితె మీది గూడ నల్లగైతది. ఏం ఫాయిదా?"

"పిల్ల ఈదీ పైసలు భాయ్. నాకద్దు."

ఇద్దరూ మంచివాళ్లే. అదే వచ్చిన చిక్కు. ఒక్కరికన్నా జర ఆశ ఉండుంటే మా కంప్యూటర్ బతికేది... చివరికి బాపు మాటే నెగ్గింది.

స్క్రూ నేనే విప్పాను. అవ్వ మిఠాయి డబ్బాలో గుప్పెడు పత్తి పరిచి, కార్డు అందులో పెట్టింది. మా ఊళ్లో గడియారమైనా గాజు గ్లాసైనా పత్తిలో పెట్టే పంపుతారు. ఫ్యాన్‌లో ఇరుక్కుంటుందే అంటే వినదు. నస్రీన్ డబ్బా తీసుకుంది. ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రం స్విచ్ వేసి చూశాను. లోపల ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. తెర నల్లగానే ఉంది. షాపాయన చెప్పినట్టే.

తర్వాత బాపే వేరే కార్డు తెస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నస్రీన్ లేకుండా ఆడాలనిపించలేదు.

మొన్న మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, తక్కువ పైసలల్ల గేమింగ్ కంప్యూటర్ కొనాలె. ఏ ప్రాసెసర్ తీస్కోను?"

"బొమ్మ లోపట్నే వచ్చేది తీస్కో తమ్మీ. రేపు కార్డు లేకున్నా నడుస్తది" అన్నాను.

సలహా సరైనదే. కానీ ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పుకోలేదు. ఆ రోజు మేమూ అదే కొనుంటే నస్రీన్‌తో మా కంప్యూటర్‌కి పనే ఉండేది కాదు కదా...

నస్రీన్‌కి మెసేజ్ పెట్టాను, కార్డు ఉన్నదా అని. ఫోటో పంపింది. అదే మిఠాయి డబ్బా... పత్తి కాస్త పసుపుపచ్చబడింది, కార్డు పెట్టింది పెట్టినట్టే ఉంది. కింద రాసింది: "ఉన్నది. పెట్టనీకి డబ్బ నీ దగ్గర్నే ఉన్నది గదా."

ఉంది... ఆ పాత కంప్యూటర్ డబ్బా, మా అటక మీద.

ఇప్పుడు నా లాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ అన్నీ ఒకే బోర్డు మీద అతికించి వస్తున్నాయి. విప్పి ఎవరికీ ఇవ్వలేం, ఎవరినీ అడగక్కర్లేదు. మీ ఇంట్లో కూడా సగం మీది, సగం దోస్తుది అయిన వస్తువు ఏదైనా ఉండేదా? ఆ రెండో సగం ఇప్పుడు ఎక్కడుంది?