ఎనిమిదో ముక్క

చిట్టితల్లీ, బస్సు వచ్చే వేళయిందమ్మా.

ఇవాళ పొద్దున కూడా ఇలాగే పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది. మా అమ్మాయి పోయి నెల దాటిందండి. పది రోజుల జ్వరం, అంతే. నందిగామ అవతల ఒక ఊళ్ళో చిన్న బడి, అందులో మూడో తరగతికి టీచరు. రోజూ మా జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్ళి వచ్చేది. ఆ బడివాళ్ళు తన గురించి రెండు మాటలు రాయమన్నారు. నేను చదివింది కూడా ఆ మూడో తరగతే. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఇప్పటికీ తెల్లవారే ముందు, సగం నిద్రలో, నాకు మినప్పిండి వాసన వస్తుంది. భిన్నాల పాఠం ఉన్న రోజు పిల్లలకు కోసి చూపించడానికి దిబ్బరొట్టె వేసి ఇచ్చేదాన్ని. అంచు ఎర్రగా కాలి, నడుమ మెత్తగా, మందంగా ఉండాలి. తను తల దువ్వుకుంటూ వచ్చి మూకుడు మీది మూత తీసేది. ఆవిరిలో ముఖం కనపడేది కాదు, నవ్వు మాత్రం వినపడేది. ఇప్పుడు అన్నం గిన్నె మూత తీసినా ఆ ఆవిరి వెనక తనుందనే అనిపిస్తుంది. ఆవిరంతా పోయేదాకా అలాగే నిలబడిపోతాను.

ఒకసారి అడిగాను. "ఎనిమిదో వంతు నాలుగో వంతుకన్నా పెద్దది కదే? ఎనిమిది పెద్దది కదా?"

తను నవ్వలేదు. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీల వల్ల తెల్లారేసరికి కిటికీల మీద తెల్లటి దుమ్ము పడి ఉంటుంది. అందులో వేలితో గుండ్రంగా రొట్టె గీసింది.

"నలుగురికి పెడితే ఒక్కోళ్ళకి ఎంతొస్తుంది? ఎనిమిది మందొస్తే?"

"తగ్గుద్ది."

"అంతేనమ్మా. మా పిల్లలూ ముందు నీలాగే అన్నారు."

"అయితే నన్నూ నీ క్లాసులో కూచోబెట్టుకో."

"వద్దులే, నువ్వు అల్లరి చేస్తావ్."

ఆ గుండ్రం రెండు రోజులు కిటికీ మీదే ఉంది. తుడవబుద్ధి కాలేదు.

"సమానంగా కోస్తేనే సగం, లేకపోతే ఉత్త ముక్కలే" అనేది పిల్లలతో. క్లాసులో ఏడుగురే. రొట్టెను సగం, సగాన్ని పావు, పావును మళ్ళీ సగం చేస్తే ఎనిమిది ముక్కలు. మొదటిరోజు మిగిలిన ముక్క కోసం జుట్లు పట్టుకున్నారట. "కోసేముందు ఎవరెవరున్నారో చూసుకోవాలిగా. నేను కనపడట్లేదా?" అందిట. అప్పట్నుంచి ఎనిమిదో ముక్క టీచర్ది.

ఇంట్లో నాదీ అదే తప్పు. ఉన్న రొట్టె రెండు చేసి తండ్రికీ కూతురికీ పెట్టేసేదాన్ని. "అమ్మా, ఇంట్లో ఎంతమందిమి? లెక్క తప్పావ్" అని తన ప్లేటు పక్కకి జరిపేది. బస్సు పోయినా సరే, నేను తినేదాకా చెప్పులేసుకునేది కాదు.

తను పోయాక నాకు ముద్ద దిగలేదు. మా ఆయన బతిమాలారు, కోప్పడ్డారు. పళ్ళెం ముందు కూర్చుంటే గుమ్మంలో తన చెప్పులే కనపడేవి.

పోయిన ఆదివారం ఏడుగురు పిల్లలూ హెడ్మిస్ట్రెస్ గారితో వచ్చారు. ముందురోజే కబురు చేస్తే పప్పు నానబోశాను. పెద్దవాళ్ళకు కాఫీ ఇచ్చి, పిల్లల మధ్య కూర్చుని రొట్టె కోశాను. చెయ్యి దాని దారిన అది పోయింది. సగం, పావు, పావులో సగం. ఏడుగురూ తీసుకున్నారు. పళ్ళెంలో ఒకటి మిగిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. రెండు పిలకల పిల్ల ఒకతి పళ్ళేన్ని నా ముందుకు తోసింది.

"ఇది మీ టీచర్దమ్మా" అన్నాను.

"కోసేముందు చూసుకోలా మామ్మగారూ? మీరూ ఉన్నారుగా."

తిన్నాను. చాలా రోజుల తరవాత ఉప్పు తెలిసింది. ఖాళీ పళ్ళెంలో మిగిలిన నూనె మీద కిటికీ ఎండ పడి, ఎక్కడా గీత లేకుండా గుండ్రంగా మెరుస్తోంది.

మీరు కూడా వేళకు కడుపునిండా తినండి.