చేను కాసిన గొంతు

మా చిన్నకూతురు రేవతి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయిందప్పా! కొత్త బంతి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ తోలు వాసనకు పంతొమ్మిది వందల నలభైల నాటి మన చిత్తూరు బడి మైదానం కళ్లముందుకు వచ్చింది. వానకు తడిస్తే బంతి రాయిలా బరువెక్కేది, మీకూ గుర్తుందా అన్నా? అయినా వట్టికాళ్లతోనే తన్నేవాళ్లం.

ముందు వరుసలో ఆడాలని నాకు ప్రాణం. పరుగులో మాత్రం అందరికంటే వెనక. ఒక సాయంత్రం డ్రిల్లు అయ్యవారు పిలిస్తే, జట్టులోంచి తీసేస్తారని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన అందరి ముందూ నా భుజం మీద చేయి వేశారు.

"రేయ్ సుబ్బడా, జొన్నచేనుకాడ మంచెక్కి చిలకల్ని తరిమేది నువ్వే కదా?"

"అవునయ్యా."

"అవి యాడ వాలతాయో ముందే కనిపెట్టి అరస్తావంట. మన గోలుకు అట్లాంటోడు లేడబ్బా. కాస్తావా?"

తీసేసినట్టు కాదు, బతిమాలినట్టు అడిగారు. ఆ రోజు నుంచి గోలే నా చేను.

మొన్న రేవతి కూడా పరుగెత్తలేని ఒక పిల్లను ఇట్లాగే అడిగిందట. ఆ పిల్ల నవ్వుకుంటూ పోయి గోలులో నిలబడిందట.

నగరి పెద్దక్కకు, బంగారుపాళ్యం చిన్నాయన పిల్లలకు, నాయుడుపేట వియ్యంకులకు ఈ మాట చెప్పండి. అప్పట్లో నా చోట ముందు వరుసకు వెళ్లిన మునిరత్నం బావకు మాత్రం నేనే చెబుతాను. ఆయనకు చెవులు వినబడవు, నా గొంతు ఇంకా గట్టిదే.