కేదార్ ఘాట్‌లో గెడ వేసినాను

మా అమ్మాయి పడవెక్కింది! కాశీలో, గంగమీద, గంటసేపు! ఈ మాట ముందు చెప్పకపోతే మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. అమ్మాయి సుబ్బులుని సరస్సు మధ్యలో దీవికిచ్చినాం. అక్కడికి పడవ తప్ప దారి లేదు. పోయినేడు మా ఇంటికొస్తుంటే గాలికి పడవ తిరగబడి పిల్ల నీళ్లు మింగింది. పుట్టింటికొచ్చి పది నెలలు, మళ్లీ పడవలో కాలు పెట్టలా. అల్లుడు వారానికోసారి వచ్చి, చూసి, ఒక్కడే పోతాడు. రేవుకి తీసకపోతే ఊరంతా గట్టుమీద చేరి "ఎక్కుద్దా, ఎక్కదా" అని చూసేది. పిల్ల వణికిపోయేది. మనల్ని ఎరిగినోళ్లు లేని నీళ్లకాడికి తీసకపోవాల్సిందేనని పట్టుబట్టినాను. కాశీ అంటే కాదనదని నాకు తెలుసు.

సూళ్లూరుపేటలో పొద్దున లోకల్ బండెక్కితే రెండున్నర గంటల్లో చెన్నై. అక్కణ్ణించి కాశీకి స్లీపరులో రెండు రాత్రులు, మనిషికి తొమ్మిదొందల చిల్లర. స్టేషన్ నుంచి ఆటో గొదౌలియా కూడలి దాకానే, ఆపైన నడక. సందుల్లో ఆవు ఎదురైతే మనం గోడకి అతుక్కోవాల్సిందే. గుడి దారి మాత్రం ఇప్పుడు పెళ్లిపందిరంత వెడల్పు. రెండు గంటలు నిలబడి విశ్వనాథుణ్ణి రెండు క్షణాలు చూసినాం. మట్టి ముంతలో టీ పోసే ముసలాయన కూడా ఫోన్లో స్కాన్ చెయ్యమన్నాడు. ఆ టీ ఎంత కమ్మగా ఉందో!

మర్నాడు పొద్దున ఆరింటికి కేదార్ ఘాట్. అక్కడ పడవవాళ్లకి తెలుగొచ్చు. "రా పెద్దాయనా, మణికర్ణిక దాకా పోయి రావడం, ఇద్దరికీ నాలుగొందలు" అన్నాడు తెడ్ల పడవాయన. సుబ్బులు మెట్టుమీదే కూలబడింది.

"నువ్వు పో నాయనా. నేనిక్కడే ఉంటా."

సరేనని ఎక్కినాను. ఎక్కి ఊరుకోవచ్చు గదా! పడవలో వెదురుగెడ కనబడింది. నలభై ఏళ్లు గెడ పొడిచి పడవ తోసిన చెయ్యి. మా సరస్సులో ఎక్కడ దించినా మొలలోతులో నేల తగులుద్ది. "వద్దు పెద్దాయనా, లోతు!" అని ఆయన అంటానే ఉన్నాడు, బరువంతా వేసి పొడిచినాను. నేల లేదు! గెడ చేజారింది, దాని వెనకాలే సగం నేనూ పోయినాను.

చొక్కా పట్టి ఎవరో వెనక్కి లాగినారు. చూస్తే సుబ్బులు! ఇంకా గట్టు వదలని పడవలోకి మెట్టుమీంచి దూకి నిలబడుంది.

"బుద్ధుందా నాయనా నీకు? ఇది మన సరస్సనుకున్నావా?"

"నువ్వు పడవలో ఉండావే" అన్నాను.

కిందికి చూసుకుంది. మొహం పాలిపోయింది. పడవాయన తేలిన గెడని తెడ్డుతో లాక్కుంటా ఏదో తిట్టుకుంటున్నాడు. సుబ్బులు నా పక్కన కూచుని రెండు చేతులా అంచు పట్టుకుంది.

"పోనీ అన్నా. ఈయన మళ్లీ ఏమన్నా చేసేలోపల పోనీ" అంది పడవాయనతో.

దశాశ్వమేధ ఘాట్ దాకా కళ్లు తెరవలా. తెరిచినాక స్నానాల జనాన్నీ, మణికర్ణికలో మండే చితుల్నీ, అన్నీ చూసింది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోలా!

గంగలో మునిగితే పాపాలు పోతాయో లేదో, అంత చదువు నాకు లేదు. భయమైతే పోలేదంట, తిరిగొచ్చేదాకా కాళ్లు వణికినాయంట. వణుకుతానే కూచుంది, నాకదే చాలు. నేను వేసిన ఎత్తు పారలేదు, చేసిన తప్పు పనికొచ్చింది. మీరు పోతే పొద్దున్నే తెడ్ల పడవ మాట్లాడుకోండి, ఎక్కకముందే ధర తేల్చుకోండి. గెడ మాత్రం ముట్టుకోవద్దు!

ఇది చదివినోళ్లు ఈ కబురు చెప్పాల్సింది: ముందు మా ఆవిడకి, నేను ఫోన్లో చెబితే నమ్మలేదు. తడలో మా అక్కకి, దొరవారిసత్రంలో తమ్ముడికి, తోటపల్లి గూడూరులో బావమరిదికి, సూళ్లూరుపేటలో పెద్దమ్మాయికి. దీవిలో అల్లుడికి మాత్రం ఎవరూ చెప్పొద్దు. శుక్రవారం అక్కడ పడవ దిగి సుబ్బులు తనే చెబుతానంది.