నకరాల పిల్ల

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా ఇంట్లోవాళ్లు నన్ను నకరాల పిల్ల అనేవారు. పరుగెత్తినా, మెట్లు గబగబా ఎక్కినా ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలితో అదిమినట్టుండేది. కాసేపు కూర్చుంటే పోయేది. అదే నా కొంప ముంచింది. నొప్పని ఏడ్చిన పిల్ల కాసేపటికే లేచి అన్నం అడిగితే ఎవరు నమ్ముతారు? నానమ్మ గ్యాసంటూ వాము నమిలించింది. బడిలో డ్రిల్లు టీచరు ఆట ఎగ్గొట్టే వేషాలంది.

ఒకసారి పరుగు పందెంలో కళ్లు తిరిగి పడిపోయాను. అమ్మ, మా తాతయ్య వచ్చి నన్ను నారాయణగూడలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పడుకోబెట్టి ఈసీజీ తీసి, గుండె నిక్షేపంగా ఉందన్నారు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాకు మాత్రం దిగులేసింది. ఏదో ఒక జబ్బు పేరు చెబుతారనీ, ఇక నన్నెవరూ పరుగెత్తమనరనీ ఆశపడ్డాను మరి.

ఇంటికి నడిచొస్తుంటే అమ్మ చకచకా ముందు వెళ్తూ, "డాక్టరే ఏం లేదన్నడు. ఇగ నీ నకరాలు బంద్ చెయ్," అంది. ఆ నడకకు మళ్లీ నొప్పి మొదలైంది. ఈసారి చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? పళ్ల బిగువున నడిచాను. తాతయ్య నా మొహం చూసి ఆగాడు. మూసి ఉన్న ఒక కొట్టు మెట్టు మీద కూర్చోబెట్టి, ఏం చేయాలో తోచక నా అరచెయ్యి రుద్దుతూ ఉండిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు.

"నాకేం సమజైతలేదు బిడ్డా. డాక్టరుకు దొరకలే. గట్లని నీకు నొస్తలేదని కాదు," అన్నాడు.

నొప్పి అలాగే ఉంది. ఏడుపు మాత్రం ఆగింది.

మొన్నీమధ్య, అరవై దాటాక, స్కానులో సంగతి బయటపడింది. గుండెకు రక్తం అందించే నాళాల్లో ఒకటి పుట్టుకతోనే మొలవాల్సిన వైపు కాక రెండో వైపు నుంచి మొలిచి, రెండు పెద్ద నాళాల సందులోంచి వెళ్తోందట. పరుగెత్తితే నలుగుతుందట. పడుకోబెట్టి ఈసీజీ తీస్తే తెలియకపోవచ్చట. ఈ వయసులో ఆపరేషన్ చేయాలో వద్దో డాక్టర్లే తేల్చుకోలేకపోతున్నారు.

నకరాలు కాదని చూపిద్దామంటే అలా అన్నవాళ్లెవరూ లేరిప్పుడు. తాతయ్యా లేడు. నమ్మడానికి ఆయనకు స్కాను అవసరం పడలేదు. ఎవరైనా నొప్పిగా ఉందంటే ఇవాళ్టికీ నేను పక్కన కూర్చుంటాను. అంతకుమించి నాకూ ఏమీ చేతకాదు.