బాపు ట్రంపెట్ అందుకున్న ఆదివారం

మా బాపు ఇబ్రహీంపట్నంలో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. మాదాపూర్‌లో నాకు కాల్ సెంటర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో, తోటి ఉద్యోగిని ఒకామె తనకిష్టమైన పాత జాజ్ రాక్ ఆల్బమ్ సీడీ ఇచ్చింది. ఆదివారం పొద్దున ఇంట్లో పెట్టాను. గిటార్ మొదలవగానే బాపు విసుక్కున్నాడు.

"గీ లొల్లి ఏంది బిడ్డా?"

అంతలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక్కసారిగా లేచాయి. గడ్డం గీసుకుంటున్న బాపు సబ్బు నురగతోనే వచ్చి ప్లేయర్ ముందు కూర్చున్నాడు.

"ఎంతమంది ఊదుతున్నరు?"

"అట్ట మీద నలుగురి పేర్లున్నయి బాపూ."

"నలుగురు ఊదితే ఒక్కని ఊపిరి లెక్క ఉన్నది! మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. వయొలిన్లు నెమ్మదిగా కిందినుంచి వచ్చి ట్రంపెట్లను పైకెత్తినప్పుడు నా ఒళ్లు జలదరించింది. బాపు కళ్లు మూసుకుని, గాలిలోనే మూడు వేళ్లతో మీటలు నొక్కుతున్నాడు. మూడోసారి ఆగలేక తన ట్రంపెట్ తెచ్చి వాళ్లతో కలిసి ఊదాడు. రెండుచోట్ల తప్పాడు. నాలుగోసారి ఎక్కడా తప్పలేదు. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను.

తర్వాతి వారం మన్నెగూడలో ఒక బరాత్‌లో ఆ ముక్కే వాయించాడు. పెళ్లికొడుకు కారు దిగి మరీ ఆడాడు.

"మస్తుందే! గిది ఏ సినిమాలదే?" అని ఎవరో అడిగారు.

"సినిమాది కాదు, మా బిడ్డ తెచ్చింది" అన్నాడు బాపు.