దీపం పెట్టే వేళ నిద్ర

రెండేళ్ల పాటు నాకు రోజుకు ఒక్క గంట మంచి నిద్ర ఉండేది. సాయంత్రం ఐదింటికి వచ్చేది, ఆరింటికి అమ్మ చేతిలో పోయేది.

నాకు ఇరవై నాలుగేళ్లు. రాజపాళయంలో ఇల్లు, సత్రపట్టిలో పని. ఆసుపత్రులకు పోయే బ్యాండేజ్ గుడ్డను బల్ల మీద పరిచి, తెగిన పోగుల కోసం వెతకడం నా ఉద్యోగం. పొద్దున ఆరు నుంచి రెండు దాకా తల వంచుకునే ఉండాలి. మొదట మెడ పట్టేసింది. తరవాత నొప్పి కుడి భుజంలోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. ఎవరెవరి గాయాలకో నా చేతి గుడ్డ పోతుంది. నా నొప్పికి కట్టు కడదామంటే గాయమే లేదు. కనబడదు కాబట్టి ఎవరూ నమ్మరు కూడా. "ఈ వయసులో నొప్పి ఏమిటి నీకు" అని డెబ్బై ఏళ్లవాళ్లు మోకాళ్లు పట్టుకుని నన్ను అడుగుతారు. ఒళ్లు మండిపోతుంది.

పగలు ఎలాగో ఓర్చుకుంటాను. రాత్రి చాప మీద వాలితే ఎటు తిరిగినా భుజమే. నిద్రలేని మర్నాడు ఆ నొప్పి రెండింతలు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకల్లో ఏమీ లేదు, బాగా నిద్రపో, నొప్పి అదే తగ్గుతుంది అన్నాడు. నొప్పి తగ్గితే కదా నిద్ర వచ్చేది అన్నాను. నవ్వి మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే బల్ల దగ్గర కళ్లు మూతలు పడేవి, మానేశాను. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టయింది నా బతుకు.

మిగిలింది ఆ ఒక్క గంట. పని నుంచి వచ్చి, వేణ్ణీళ్లు పోసుకుని నడింట్లో పడుకుంటే, ఐదింటికి కొండ వైపు నుంచి గాలి మొదలయ్యేది. ఎందుకో తెలియదు, అప్పుడు మాత్రం భుజం నన్ను వదిలేసేది.

కానీ ఆరింటికి దీపం. మా ఇళ్లలో ఆ వేళకు పెరటి తలుపు మూసి, వీధి తలుపు తెరిచి దీపం పెడతారు. ఇంట్లో ఎవరూ పడుకుని ఉండకూడదు. ఉంటే లక్ష్మి గడప దాకా వచ్చి వెనక్కి పోతుందట. చంటిపిల్లలనూ మంచాన పడ్డవాళ్లనూ వదిలేస్తారు. నేను ఆ రెండూ కాదు. "లెయ్యి కన్నా, విళక్కు పెట్టాల" అని అమ్మ నన్ను తట్టేది, అదీ కుడి భుజం మీదే.

ఒక గురువారం అరిచేశాను. "ఇన్నేండ్లుగా విళక్కు పెడతా ఉండావే, ఆ లక్ష్మి ఏమి తెచ్చి ఇచ్చింది మనకి? ఈ ఒక గంట నిద్ర కూడా లేకపోతే నేను చచ్చిపోతానమ్మా!"

అమ్మ అగ్గిపెట్టె తీసుకుని పోయింది. నాకు సిగ్గేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఎవరూ తట్టకుండానే, నొప్పికి మెలకువ వచ్చింది. ఇల్లంతా చీకటి. బయట తిన్నె దగ్గర పక్కింటావిడ గొంతు వినబడింది.

"ఏమక్కా, శుక్రవారం పూట ఇల్లు ఇరుట్టుగా ఉండాది? విళక్కు పెట్టలేదా?"

"మెల్లగా మాట్లాడు. పిల్ల నిద్రపోతా ఉండాది."

"లక్ష్మి వచ్చే వేళ గదక్కా."

"రాకపోతే పోనీ. నా బిడ్డ నిద్రపోనీ."

ఒక్క శుక్రవారం కూడా దీపం తప్పని మనిషి మా అమ్మ. నేను లేచి ఉంటే పెట్టుకునేది. కానీ నా నిద్ర కోసం ఇల్లు చీకటి చేసుకున్న అమ్మకి, నిద్ర ఎప్పుడో పోయిందని ఎలా చెప్పను? కళ్లు మూసుకుని, ఊపిరి పొడుగ్గా తీశాను. అమ్మ లోపలికి వచ్చి చూసి, దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. భుజం పీకుతుంటే ఏడున్నర దాకా కదలకుండా పడుకున్నాను.

"బాగా నిద్రపోయినావా?"

"పోయినానమ్మా."

అప్పుడు దీపం పెట్టింది. ఎంత సంతోషంగా పెట్టిందో.

అప్పటినుంచి రోజూ నేను లేచాకే దీపం. ఐదింటికి పడుకుంటాను. గాలి వస్తుంది, నిద్ర రాదు. అమ్మ బయట చీకట్లో కాచుకుని కూర్చుంటుందన్న ఆలోచనే నన్ను పడుకోనివ్వదు. ఉన్న ఆ గంటా పోయింది.

నిన్న అమ్మ పక్కింటావిడతో అంటోంది: "నిద్ర వస్తే నొప్పి పోతుందని డాక్టరు చెప్పినాడు. చూడు, ఇప్పుడు దినమూ రెండు గంటలు నిద్రపోతా ఉండాది."

నేను లోపల కళ్లు మూసుకుని విన్నాను.