పెద్ద మసీదులో నా గైడు ఉద్యోగం

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, ఖతార్ వచ్చి ఆరు నెలలు, దోహా పక్కన లుసైల్‌లో లేస్తున్న భవనాలకు పరంజా కట్టే పని. ఎవరేమడిగినా ‘యస్ సార్’ అనేస్తే గండం గడుస్తుందని మా కూలీల క్యాంపులో నేర్చుకున్నాను. (గడవదని ఆ తర్వాత నేర్చుకున్నాను.)

ఒక సెలవు రోజు చాచా నన్ను దోహాలోని పెద్ద మసీదుకు తీసుకెళ్లాడు. చాచా అంటే నా గదిలోనే ఉండే జగిత్యాల పెద్దమనిషి. నేను మోకాళ్ల దాకా ఉన్న నిక్కరుతో బయల్దేరానేమో, గుమ్మం దగ్గర ఒకాయన తొడుక్కోమని తెల్లటి పొడుగు జుబ్బా ఇచ్చాడు. అద్దం తలుపులో చూసుకుంటే నాకు నేనే నమస్కారం పెట్టాలనిపించింది. చాచా నమాజుకు పోతూ, “నేనొచ్చేదాంక ఈడనే ఉండు. ఏం ముట్టకు, ఎవలతోని ఏం మాట్లాడకు” అన్నాడు.

అంతలో ఏడెనిమిది మంది తెల్లజుట్టు విదేశీయులు వచ్చారు. అందులో ఒక ముసలమ్మ నన్నేదో అడిగింది. ‘యస్ మేడమ్’ అన్నాను. మా గైడువి నువ్వేనా అని ఆవిడ అడిగిందట! ఇక నేను నడిస్తే నడిచారు, ఆగితే ఆగారు. స్తంభాల గురించి అడిగితే ‘వెరీ స్ట్రాంగ్’ అన్నాను. ఎవరు కట్టారంటే ‘కంపెనీ’ అన్నాను. చివరికి ముసలమ్మ పైన వేలాడే పెద్ద దీపాల గుత్తిని చూపించి, అంత ఎత్తున ఎలా తుడుస్తారని అడిగింది.

అంతే, నా గొంతు విచ్చుకుంది. తివాచీ నలగకుండా కింద పలకలు ఎలా పరుస్తారో, వాటి మీద గొట్టాలు ఎలా నిలబెడతారో, నడుముకు బెల్టు ఎక్కడ తగిలిస్తారో చెప్పుకుపోయాను. ఇంగ్లీషు అయిపోతే హిందీ, అదీ అయిపోతే తెలుగు. మిగిలింది చేతులు చూసుకున్నాయి. అందరూ తలలెత్తి వింటున్నారు.

వెనక్కి తిరిగితే మెడలో కార్డు వేసుకున్న అసలు గైడు. పక్కనే చాచా, మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను రేపే విమానం ఎక్కిస్తారని ఖాయం చేసుకున్నాను.

“ఇంతసేపూ చెప్పినదాంట్లో నిజమెంత?” అని హిందీలో అడిగాడు గైడు.

“దీపాల సంగతొక్కటే సార్.”

ఆయన కాసేపు పైకి చూశాడు. “అది నాకూ తెలియదు. మళ్లీ చెప్పు” అన్నాడు. చెప్పాను. ఒక్క గొట్టమూ వదలకుండా.

తిరుగు బస్సులో చాచా, “మసీదుల నిలబడి గిన్ని అబద్ధాలాడినోన్ని నిన్నే చూసిన బేటా” అని కిటికీ వైపు తిరిగాడు. భుజాలు మాత్రం నవ్వుకు కదులుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఫోర్‌మన్‌ని. తెలియనిది తెలియదనే చెబుతాను, కుర్రాళ్లకూ అదే చెబుతాను. కానీ నా పని గురించి అంతమంది అంత శ్రద్ధగా వినడం మాత్రం, ఆ దొంగ గైడు ఒక్కడికే దక్కింది.